గొట్టంలో గడ్డ ఎప్పుడు కడుతుంది?

గరివిడిలో గడ్డకట్టే చలి గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. మాంగనీసు ఖనిజాన్ని కరిగించే ఫర్నేసుల పక్కన పెరిగిన ఊరు అది. ఏప్రిల్ దాటితే రోడ్డు మీద తారు కూడా మెత్తబడుతుంది. కానీ ఇక్కడ రైలెక్కితే ఒక పూటలో చేరే కాకినాడకి ఎదురుగా, సముద్రం అడుగున వేసిన గ్యాస్ గొట్టాల్లో ఏడాది పొడుగునా ఒకటే భయం: మంచు కట్టడం. రోహిణీ కార్తెలో కూడా.

అది మామూలు మంచు కాదు. నీరు ఒంటరిగా గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలకి దిగాలి. దానికి మీథేన్ లాంటి వాయువు తోడై, పైన తగినంత ఒత్తిడి ఉంటే అంత చలి అక్కర్లేదు. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పంజరాల్లా అల్లుకుంటాయి, ఒక్కో పంజరంలో ఒక్కో వాయు అణువు చిక్కుకుంటుంది. దీన్నే గ్యాస్ హైడ్రేట్ అంటారు. చూడ్డానికి మురికి మంచులా ఉంటుంది, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. వంద వాతావరణాల ఒత్తిడిలో మీథేన్ హైడ్రేట్ పదమూడు డిగ్రీల దగ్గర కూడా నిలబడగలదు. వెయ్యి మీటర్ల లోతున సముద్రపు ఒత్తిడి దాదాపు అంతే. బంగాళాఖాతంలో ఆ లోతున నీళ్ళు ఆరేడు డిగ్రీలకి మించవు. పైన ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చటి కెరటాలు చూసి మోసపోతాం గానీ, అడుగున హైడ్రేట్‌కి కావలసిన చలి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

ఈ గడ్డ గురించి రెండు ప్రశ్నలున్నాయి. ఏ ఒత్తిడిలో, ఏ వేడిమి దగ్గర కట్టగలదు అన్నది మొదటిది. ఎప్పుడు కడుతుంది, కట్టి ఎప్పుడు గొట్టాన్ని మూసేస్తుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికి అరవై ఏళ్ళు దాటింది. రెండోదానితో ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, రాజకీయాల్లో "గెలవగలడు", "గెలుస్తాడు" అన్న మాటల మధ్య ఎంత దూరం ఉందో వీటి మధ్యా అంత ఉంది.

కథ గొట్టాల్లో మొదలవలేదు. లండన్‌లో ఒక గాజునాళికలో మొదలైంది. క్లోరిన్ వాయువుని చల్లబరిస్తే పసుపుపచ్చ స్ఫటికాలు వస్తాయని అప్పటికే తెలుసు. గడ్డకట్టిన క్లోరిన్ అంటే అదే అనుకునేవారు. 1811లో హంఫ్రీ డేవీ ఆ మాట కొట్టిపారేశాడు: తడి లేని క్లోరిన్ ఎంత చల్లబరిచినా గడ్డకట్టడం లేదు, ఆ స్ఫటికాల్లో నీరు ఉంది. 1823లో ఆయన శిష్యుడు మైకేల్ ఫారడే ఆ స్ఫటికాల్లో నీరెంతో వాయువెంతో లెక్కగట్టాడు. తర్వాత డేవీ సలహా మీద వాటిని గాజునాళికలో పెట్టి, రెండు కొసలూ మూసి, వేడిచేశాడు. లోపల నూనెలాంటి ద్రవం తేలింది. అది చూసిన ఒక మిత్రుడు, నాళిక సరిగ్గా కడగకుండా వాడావని ఫారడేని ఆటపట్టించాడట. మర్నాడు ఆయనకి ఫారడే దగ్గర్నించి చీటీ వచ్చింది: మీరు చూసిన నూనె ద్రవరూపంలో ఉన్న క్లోరిన్.

ఈ కథని రసాయన పాఠాల్లో వాయువుల్ని ద్రవాలు చేసిన ఘట్టంగా చెబుతారు. నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. మూసిన గొట్టంలో హైడ్రేట్‌ని వేడిచేస్తే ఏమవుతుందో ఆ రోజే తెలిసింది. ఒక ఘనపు మీటరు మీథేన్ హైడ్రేట్ కరిగితే మామూలు ఒత్తిడిలో నూట అరవై ఘనపు మీటర్లకి పైగా వాయువు బయటపడుతుంది. బయటికి దారి లేకపోతే ఆ వాయువంతా ఒత్తిడిగా మారుతుంది. ఫారడే ప్రయోగాల్లో నాళికలు పేలి కళ్ళలో గాజుముక్కలు దిగాయి. సముద్రపు గొట్టాల మీద పనిచేసేవాళ్ళకి ఇవాళ్టికీ చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి: గడ్డ రెండు కొసలూ ఎక్కడున్నాయో తెలియకుండా మధ్యలో వేడి పెట్టొద్దు. ఒకవైపు నుంచే ఒత్తిడి తగ్గించినా ప్రమాదమే. అవతలి ఒత్తిడికి గడ్డ ఊడి తుపాకీ గుండులా దూసుకొచ్చి, గొట్టం వంపు దగ్గర దాన్ని చీల్చుకుని బయటికి పోతుంది. ఇలా మనుషులు చనిపోయిన సంఘటనలు ఉత్తర అమెరికాలో జరిగాయి.

1888లో విలార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త మీథేన్‌తో కూడా ఇలాంటి గడ్డలు చేసి చూపించాడు. ఆ తర్వాత చాలాకాలం ఇది ప్రయోగశాల ముచ్చటే. ఎవరికీ అవసరం పడలేదు.

అవసరం అమెరికాలో పడింది. 1930 ప్రాంతాల్లో టెక్సాస్ నుంచి దూరపు నగరాలకి గ్యాస్ గొట్టాలు వేశారు. చలికాలం రాగానే అవి మూసుకుపోయేవి. అందరూ మంచే అనుకున్నారు, చలికాలం కాబట్టి. అయితే నీరు గడ్డకట్టే చలి లేని రోజుల్లో కూడా మూసుకుపోతున్నాయే? టెక్సోమా నేచురల్ గ్యాస్ కంపెనీలో పనిచేసే రసాయనవేత్త హామర్‌స్మిట్ ఆ గడ్డల్ని పరీక్షించి, ఇవి హైడ్రేట్లని 1934లో ఒక వ్యాసంలో తేల్చాడు. ఎంత మిథనాల్ కలిపితే గడ్డకట్టే స్థాయి ఎంత కిందికి దిగుతుందో చెప్పే చిన్న సూత్రం కూడా ఆయన పేరునే ఉంది. దాని ప్రకారం పది డిగ్రీలు దించాలంటే గొట్టంలో ఉన్న నీటి భాగంలో బరువు లెక్కన ఇరవై శాతం దాకా మిథనాల్ ఉండాలి. చేతిలో కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఇంజినీర్లు ఇప్పటికీ తొలి అంచనాకి ఆ సూత్రాన్నే పట్టుకుంటారు.

1940లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ కాట్జ్ ఇంకో మెట్టు ఎక్కాడు. వాయువు సాంద్రత ఎంతో, ఒత్తిడి ఎంతో తెలిస్తే ఏ వేడిమి దగ్గర గడ్డ కడుతుందో చదువుకునే పటాలు గీశాడు. చివరికి 1959లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని షెల్ ప్రయోగశాల నుంచి వాన్ డెర్ వాల్స్, ప్లాటూ అనే ఇద్దరు, అణువుల పంజరాల లెక్కతోనే ఈ సమతుల్యాన్ని సిద్ధాంతంగా రాశారు. (ఇంటర్ పుస్తకంలో కనిపించే వాన్ డెర్ వాల్స్ ఈయన కాదు. ఆయనకి 1910లోనే నోబెల్ వచ్చేసింది.) 1972లో పారిష్, ప్రాస్నిట్జ్ దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించదగ్గ రూపంలోకి తెచ్చారు. అక్కడితో మొదటి ప్రశ్న దాదాపు తీరిపోయింది. గ్యాసులో ఏమేం ఎంతెంత ఉన్నాయో చెప్పండి, గీత గీసి ఇస్తాం: గీతకి ఇటు క్షేమం, అటు ప్రమాదం.

సముద్రంలో ఆ గీతని వాడాలంటే సముద్రం సంగతి తెలియాలి. ఏ లోతున ఎంత చల్లగా ఉంటుంది? నేల ఎక్కడ ఏటవాలుగా ఉంది, ఎక్కడ లోయలు పడింది? మన తీరంలో ఈ పని మొదలైంది విశాఖలో. 1950ల మొదట్లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. భూగర్భశాస్త్ర శాఖకి అప్పుడు కలమూర్ మహదేవన్ పెద్ద. నౌకాదళం ఓడలు అడిగి తీసుకుని, విద్యార్థుల్ని ఎక్కించుకుని, లోతు పెరిగే కొద్దీ నీరు ఎలా చల్లబడుతుందో కొలిచారు, అడుగు మట్టి తీశారు. తూర్పు తీరపు ఏటవాలులో దొరికిన సముద్రపు లోయలకి లాఫాండ్ పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. ఆ శాఖవాళ్ళకి సముద్రం ఒక చేయి, కొండలు ఇంకో చేయి. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీసు రాళ్ళూ వాళ్ళు చదివినవే. ఇక్కడి కోడూరు పేరుమీదే ఫెర్మర్ అనే భూగర్భవేత్త ఒక శిలకి కోడురైట్ అని ఎప్పుడో పేరు పెట్టాడు. కొండని తవ్వేవాళ్ళకి రాతి మనిషి కావాలి గానీ, అడుగు చల్లదనం కొలిచినవాళ్ళు ఎవరికి పనికొస్తారో ఆ రోజుల్లో ఎవరూ అడిగి ఉండరు.

యాభై ఏళ్ళ తర్వాత పనికొచ్చింది. 2002లో రిలయన్స్ కృష్ణా-గోదావరి బేసిన్‌లో డీ6 బ్లాకులో గ్యాస్ కనిపెట్టింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. వెయ్యి మీటర్లకి అటూ ఇటూ లోతున బావులు, అక్కణ్ణించి గాడిమొగ దాకా గొట్టాలు. వచ్చేది దాదాపు పూర్తిగా మీథేన్. వెంట కొంచెం నీరు ఎలాగూ ఉంటుంది. అంటే చల్లని అడుగు, ఎక్కువ ఒత్తిడి, వాయువు, నీరు, నాలుగూ ఒకేచోట. ఆ గొట్టాలు పుట్టింది గీతకి అటువైపే.

ఇలాంటిచోట పాత మందే వాడతారు, కొంచెం పేరు మార్చి. మిథనాల్ బదులు గ్లైకాల్, కారు రేడియేటర్లో పోసే దానికి చుట్టం. సన్నటి గొట్టంలో ఒడ్డువైపు నుంచి బావుల దాకా వెళుతుంది, పెద్ద గొట్టంలో గ్యాసుతో, నీటితో కలిసి తిరిగొస్తుంది. నీటిని మరిగించి పంపేసి మళ్ళీ బావికి పంపుతారు. లెక్క అంతా ఎంత నీరు వస్తుందన్న దాని మీద నడుస్తుంది. వయసు మళ్ళుతున్న బావి నీళ్ళు ఎక్కువ కక్కడం మొదలుపెడితే గ్లైకాల్ పెంచాలి. ఆ నీటితో ఉప్పు వస్తే గ్లైకాల్‌లో పేరుకుంటుంది, దాన్నీ తియ్యాలి. డీ6లో మొదటి బావుల ఉత్పత్తి తర్వాత దారుణంగా పడిపోయింది, దాని మీద ప్రభుత్వానికీ కంపెనీకీ పెద్ద తగువే నడిచింది. అయితే ఆ తగువు భూమి లోపలి నిల్వ గురించి, బావుల సంఖ్య గురించి. హైడ్రేట్ల గురించి కాదు. విచిత్రమేమిటంటే, నిల్వ తగ్గి ఒత్తిడి పడిపోయిన కొద్దీ గొట్టం గీతకి ఇటువైపు జరుగుతుంది. బావికి ముసలితనం వస్తే గొట్టానికి ఈ ఒక్క జబ్బు కొంత నయమవుతుందన్నమాట.

గీత తెలిసినంత మాత్రాన సరిపోదని ప్రపంచమంతా టీవీలో చూసిన సంవత్సరం 2010. మెక్సికో గల్ఫులో మకాండో బావి ఏప్రిల్ 20న పేలి పదకొండుమంది చనిపోయారు. అడుగున చమురు ఆగకుండా కక్కుతోంది. మే మొదటి వారంలో వంద టన్నుల ఉక్కు గుమ్మటాన్ని పదిహేను వందల మీటర్ల లోతుకి దించి, బావి మీద బోర్లించి, చమురుని గొట్టంతో పైకి లాగాలని చూశారు. బోర్లించీ బోర్లించగానే గుమ్మటం లోపల హైడ్రేట్లు కట్టి దారి మూసుకుపోయింది. అవి నీటికంటే తేలిక కావడంతో గుమ్మటమే పైకి తేలడం మొదలుపెట్టింది. తీసి పక్కన పెట్టేశారు. హైడ్రేట్లు వస్తాయని ఆ ఇంజినీర్లకి తెలియదా అంటే, తెలుసు. అది వాళ్ళ ప్రణాళికలోనూ ఉంది. ఇంత తొందరగా, ఇంత మేర కడుతుందని మాత్రం అనుకోలేదు. "కట్టగలదు" తెలుసు, "ఎప్పుడు, ఎంత" తెలియలేదు.

ఎందుకు తెలియదు? గీత దాటిన మరుక్షణం గడ్డ పుట్టదు. తోడు పెట్టిన పాలు ఎప్పుడు పేరుకుంటాయో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగలరు గానీ, దీనికి తోడు పెట్టే చెయ్యి కనబడదు. తొలి గింజ పుట్టడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం. ఒకే ద్రవాన్ని, ఒకే పాత్రలో, ఒకే చల్లదనానికి దించి పదిసార్లు చూస్తే పది వేరు వేరు సమయాలు వస్తాయి. ఒకసారి నిమిషాల్లో, ఇంకోసారి గంటల తరవాత. కాబట్టి ఇక్కడ జోస్యం అంటే ఒక ముహూర్తం చెప్పడం కాదు, ఎంత అవకాశం ఉందో చెప్పడం.

గింజ పుట్టాక కూడా గొట్టం మూసుకుపోవాలని లేదు. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో డెండీ స్లోన్ బృందం దశాబ్దాలపాటు ఈ రెండో అంకాన్నే చదివింది. చమురు ప్రవాహంలో నీటి బొట్లు తేలుతూ ఉంటాయి. ఒక్కో బొట్టు చుట్టూ హైడ్రేట్ పెంకు కడుతుంది. ఆ పెంకు బొట్లు విడివిడిగా ఉంటే బియ్యపు కడుగులా జారిపోతాయి, ఏ హానీ లేదు. ఒకదానికొకటి అతుక్కుంటేనే చిక్కు. మధ్యలో కాస్త నీటితడి వంతెనలా నిలిచి రెండింటినీ పట్టేస్తుంది, ముద్ద పెరుగుతుంది, ప్రవాహం మందగిస్తుంది, మందగిస్తే ఇంకా అతుక్కుంటాయి. ఈ నమూనాని నార్వేలో పుట్టిన ఓల్గా అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌కి జోడించారు. అక్కణ్ణించే ఆలోచన మారింది. గీత దాటొద్దు అన్న పాత నియమం బదులు, దాటినా పర్లేదు, అతుక్కోకుండా చూద్దాం అనడం మొదలైంది. లోతు పెరిగే కొద్దీ మందుల ఖర్చు కొండలా పెరుగుతుంది కాబట్టి డబ్బూ ఆ మాటే చెప్పింది.

అయితే ఆ నమూనా చమురు గొట్టాలకి కుదిరినంత బాగా గ్యాస్ గొట్టాలకి కుదరదు. మన డీ6 లాంటి చోట్ల నీరు బొట్లుగా తేలదు, చల్లటి గోడ మీద చెమటలా పడుతుంది. అక్కడే పొరగా గడ్డకడుతుంది. రక్తనాళంలో కొవ్వు పేరుకున్నట్టు దారి సన్నబడుతూ వస్తుంది. ఒక్కోసారి పొర ఊడి ముద్దలుగా వెళ్ళి ఇంకెక్కడో వంపులో ఇరుక్కుంటుంది. ఒత్తిడి తేడా మెల్లగా పెరుగుతోందా, గభాల్న ఎగిరిందా అని తెర మీద చూసి లోపల ఏం జరుగుతోందో ఊహించాలి.

గరివిడిలో ఫర్నేసు పని తెలిసినవాళ్ళకి ఈ ఊహించడం కొత్త కాదు. ఎలక్ట్రిక్ ఫర్నేసులో పైనుంచి పోసిన ఖనిజం, కోక్ సాఫీగా కిందికి జారుతూ ఉండాలి. ఒక్కోసారి పైభాగం గట్టిపడి కమానులా నిలబడిపోతుంది. కింద కరిగి ఖాళీ ఏర్పడుతుంది, వాయువు చేరుతుంది, ఆ కమాను ఒక్కసారిగా కూలితే మంటలు ఎగజిమ్ముతాయి. కరెంటు ముల్లు ఎలా ఊగుతోంది, పొగ రంగు ఏమిటి అని చూసి, ముందే పొడిచి కూల్చేస్తారు. ఫర్నేసు కళ్ళముందు ఉంటుంది, పొడవడానికి ఇనప గడ ఉంటుంది. వెయ్యి మీటర్ల నీటికింద రెండూ లేవు, తేడా అంతే.

ఎక్కువ గడ్డలు గ్యాస్ పారుతున్నప్పుడు కట్టవు, ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కడతాయి. మన తీరంలో ఆపాల్సిన రోజులు అక్టోబరు, నవంబరుల్లో ఎలాగూ వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు రోజుల ముందు నుంచే దాని దారి తెలుసు. అలాంటి తుఫాను చమురు క్షేత్రాల వైపు తిరిగితే మనుషుల్ని ఒడ్డుకి చేర్చి ఉత్పత్తి ఆపాల్సి రావచ్చు. ఆపగానే గొట్టం చల్లబడటం మొదలవుతుంది. పైనున్న తుఫానుకి రోజుల ముందస్తు కబురు ఉంది, కిందనున్న గొట్టానికి గంటల గడువే. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ కాకినాడ ఎదురుగా 98/2 బ్లాకులో తొలి చమురు తీసింది. అక్కడి చమురులో మైనం ఎక్కువ కాబట్టి గొట్టంలో గొట్టం పెట్టి, మధ్యలో వేడి పోకుండా కట్టారు. ఫ్లాస్కులో టీ లాగా. మైనం కోసం వేసిన ఆ కోటు హైడ్రేట్‌కి కూడా గడువు పెంచుతుంది. ఆపిన తర్వాత ఎన్ని గంటల్లోపు ఒత్తిడి దించాలి, లేదా మందు నింపాలి, ఎన్ని గంటలు ముట్టుకోకపోయినా ఫర్వాలేదు అన్నదే అక్కడ జోస్యం. గ్యాసులో వేడి నిలవదు. అందుకే గ్యాస్ గొట్టాలకి ఫ్లాస్కు పెద్దగా సాయపడదు, గ్లైకాలే దిక్కు.

ఇదే తీరంలో ఇదే పదార్థం కోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 2006 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జాయిడెస్ రెజల్యూషన్ అనే ఓడ భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కోసం 113 రోజులు మన సముద్రాల్లో తవ్వింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట మట్టి పగుళ్ళలో హైడ్రేట్ నిండిన 128 మీటర్ల మందం పొర దొరికింది. మన పత్రికలు మండే మంచు అని సంబరపడ్డాయి. 2015లో జపాన్ ఓడ చిక్యూ వచ్చి ఇంకా మేలైన ఇసుక పొరల్లో చూసింది. వాణిజ్య ఉత్పత్తి మాత్రం ఇంకా మొదలవలేదు. ఒకే బ్లాకు చుట్టుపక్కల మట్టిలో ఉంటే నిధి, గొట్టంలో ఉంటే పీడ. మట్టిలో ఉన్నదాన్ని కరిగించి పైకి తెచ్చినా గొట్టంలో మళ్ళీ గడ్డకట్టకుండా చూడాల్సిందే. కాబట్టి నిధి తవ్వాలన్నా ముందు రెండో ప్రశ్నే తేలాలి.

ఇప్పుడు ఈ జోస్యాన్ని కూడా మెషిన్ లెర్నింగ్‌కి అప్పగిస్తున్నారు. గొట్టపు ఒత్తిళ్ళు, వేడిమి, ప్రవాహాల రికార్డులు చూపించి నేర్చుకోమంటారు. మంచిదే. కానీ నేర్చుకోవడానికి మూసుకుపోయిన గొట్టాల చరిత్ర కావాలి. గొట్టం మూసుకుపోతే రోజుకి కోట్లు నష్టం, షేర్ల ధర, భాగస్వాముల కోపం. ఆ చరిత్ర కంపెనీ బీరువా దాటి రాదు. హామర్‌స్మిట్ 1934లో తన కంపెనీ గొట్టాల్లో ఏం జరిగిందో పత్రికలో రాశాడు కాబట్టే ప్రపంచం నేర్చుకుంది. ప్రజల ఆస్తి అయిన గ్యాస్ తీసుకొచ్చే గొట్టాల రికార్డుల్ని, కనీసం పదేళ్ళు పాతబడ్డాకైనా, విశ్వవిద్యాలయాలకి ఇవ్వమని అడగడం అత్యాశ కాదని నా ఉద్దేశం. 2016లో విశాఖలో పెట్రోలియం, ఎనర్జీ సంస్థ పెట్టారు. మొదట దానికి చోటిచ్చింది ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణే. లాఫాండ్, మహదేవన్ పిల్లలు సముద్రంలో కొలిచి తెచ్చిన అంకెల్ని 1954లోనే విశ్వవిద్యాలయం అచ్చువేసి పెట్టింది. ఎవరైనా తీసి చదువుకోవచ్చు.